ఆవంలో కాలిన గీత, ఆవం దాటాక అద్దిన రంగు

అమరావతి, ధరణికోట పరిసరాల్లోని నల్లరేగడి పొలాల్లో దుక్కి దున్నినప్పుడు పైకి తేలే పాత పెంకులకూ, ఆ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లి పందిళ్లలో పేర్చి నిలిపే రంగుల కుండలకూ నడుమ దాదాపు 2000 ఏళ్ల దూరం ఉన్నప్పటికీ, రెండూ కుమ్మరి సారె మీద పుట్టి, చేతి గీతతో అలంకారం పొందినవే. చేతితో చిత్రించిన పాత మట్టిపాత్రలను గుర్తించి సేకరించదలచినవారు అన్నిటికంటే ముందు పరిశీలించవలసిన సంగతి ఒకటుంది. పాత్ర మీది రంగు ఆవంలోకి వెళ్లకముందు పడిందా, ఆవంలోనుంచి వచ్చిన తరువాత పడిందా అన్నది తేలితే, దాని వయస్సు, ఉపయోగం, అది నిలిచే కాలం, దాని పట్ల తీసుకోవలసిన జాగ్రత్త అన్నీ ఒక దారికి వస్తాయి. ఆవం అంటే పచ్చి కుండలను వంటచెరకు, పిడకలు, గడ్డితో కప్పి కాల్చే కుమ్మరి బట్టీ.

మొదటి రకానికి సాతవాహనుల కాలపు జేగురుపూత పాత్రలు మంచి ఉదాహరణ. పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి, చంద్రవల్లి స్థలాలను తవ్వించినప్పుడు ఇటువంటి పాత్రలు దొరికిన పొరలకు ఆంధ్ర సంస్కృతి అని పేరు పెట్టాడు. పచ్చి పాత్ర మీద సున్నంతో గాని తెల్లమట్టితో గాని నిలువు గీతలు, వాలు గీతలు, గళ్లు గీసి, వాటి మీదుగా జేగురును, అంటే ఇనుము పాలు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టిని, పలచగా పూసి కాల్చేవారు. అందువల్ల ఆ గీతలు పైన అతికించినట్లు ఉండక, ఎర్రని పూత అడుగునుంచి లేత పసుపు ఛాయతో తొంగిచూస్తున్నట్లు ఉంటాయి. నిప్పులో పూతా గీతా మట్టితో ఏకమైపోయాయి కాబట్టే, ఇన్ని వందల వానాకాలాలు తడిసినా అవి చెదరలేదు.

అయితే ఇవి సేకరించవలసిన వస్తువులు కావు. ధరణికోటలో 1962 నుంచి 1965 వరకు జరిగిన తవ్వకాల్లో పాతకాలపు రేవు కట్టడం బయటపడడంతో, ఆ నేలలోని చిన్న పెంకు కూడా ఏ పొరలో, ఏ వస్తువు పక్కన దొరికిందన్న సమాచారంతో కలిసినప్పుడే చరిత్ర చెబుతుందని స్పష్టమైంది. చోటు తెలియని పెంకు ఎంత అందంగా ఉన్నా మూగదే. భూమిలో దొరికిన పాతవస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం నిర్దేశిస్తున్నది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన ఇటువంటి వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. వాటిని కళ్లారా చూడాలనుకునేవారికి మ్యూజియాలున్నాయి.

సేకరణకు అసలైన క్షేత్రం రెండవ రకం. పెళ్లిలో పూజ కోసం రంగులు వేసి నిలిపే కుండలను ఐరేని కుండలు అంటారు. కోస్తాలో అరివేణి కుండలు అన్న పేరూ ఉంది. తమిళనాట అరసాణిప్పానై అని పిలిచే పెళ్లికుండలు వీటికి దగ్గరి చుట్టాలు. ముత్తైదువులు మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్లి, పసుపు కుంకుమలు, బియ్యం, కట్నం సమర్పించి, ఈ కుండలను పందిట్లోకి తెచ్చుకోవడం ఆచారం. సేకర్తలు చాలామంది ఈ కుండలను చిల్లర సరుకుగా చూసి జాడీల వెంట, పింగాణీ పళ్లాల వెంట పడుతుంటారు గాని, తెలుగునేల మీద ఇంటింటి వేడుకతో ముడిపడిన చిత్రిత మృణ్మయ కళ ఏదైనా ఉంటే అది ఇదే.

కాలిన కుండకు ముందు సున్నం పూసి, ఆ తెల్లని నేల మీద జాజుతో (ఎర్రమట్టి రంగుతో), పసుపుతో, ఆకుపచ్చతో పట్టెలు, చుక్కలు, తీగలు, వంకీలు దిద్దుతారు. కుండ మెడ చుట్టూ తిరిగే పట్టెను జాగ్రత్తగా గమనిస్తే, కుంచె ఎక్కడ రంగులో మునిగి బయలుదేరిందో, ఎక్కడ ఆరిపోయి పీచులుగా చీలిందో, గీత తిరిగి వచ్చి తన మొదటి కొసను ఎక్కడ కాస్త తప్పి కలుసుకున్నదో కనిపిస్తుంది. ఈ తప్పిన కలయికే చేతిపనికి నమ్మదగిన ఆనవాలు. అచ్చు కాగితం అతికించిన బొమ్మను భూతద్దంతో చూస్తే సన్నని చుక్కలు వరుస తప్పకుండా కనిపిస్తాయి. ఎనామిల్ రంగు నూనెమెరుపుతో ఒక పొరలా నిలుస్తుంది. సున్నం, జాజు మాత్రం మెరుపు లేకుండా ఆరి, అడుగుభాగంలో ఎవరికీ కనిపించని చోట తడి దూదితో మెల్లగా అద్దితే దూదికి అంటుకుంటాయి. నిప్పు ముట్టని రంగు కావడమే దీనికి కారణం. పాత పెళ్లికుండలు అరుదుగా మిగలడానికి కూడా అదే కారణం. వేడుక అయ్యాక వీటిని నీళ్లకో పప్పుదినుసులకో వాడుకుంటే, చేతి తడికే బొమ్మ కరిగిపోతుంది.

వయస్సును అంచనా వేయడంలో అరుగుదల ఎక్కడుందన్నది ముఖ్యం. ఒకదానిపై ఒకటి పేర్చిన కుండల్లో పై కుండ అడుగు ఆనిన చోట కింది కుండ మూతి వెంట రంగు వలయంగా రాలుతుంది. ఎత్తి పట్టుకునే మెడ నునుపు తేలుతుంది. ఉప్పు నిలవ చేసిన కుండ అడుగున తెల్లని పొక్కు లేస్తుంది. పాతదనం తెప్పించడానికి టీ డికాక్షను, బురద పూసిన కుండ మీద మరక మాత్రం గుంటల్లోనూ మిట్టల మీదా ఒకే తీరుగా పరచుకొని ఉంటుంది. ప్రయోగశాలలో చేసే ఉష్ణదీప్తి పరీక్ష, అంటే కాలిన మట్టిలో కూడిన శక్తిని వేడిచేసి వెలుగుగా కొలిచే పద్ధతి, కుండ చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పగలదు గాని, ఆవం దాటాక పూసిన రంగు వయస్సు చెప్పలేదు.

దొరికిన కుండను కడగడం, వార్నిష్ పూయడం పెద్ద పొరపాట్లు; ఒకటి బొమ్మను తుడిచేస్తుంది, రెండవది మట్టి ఊపిరిని మూసి, లోపలి ఉప్పును రంగు కిందికి నెడుతుంది. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి, ఎండ తగలని చోట ఉంచాలి; ఎత్తేటప్పుడు మూతి పట్టకుండా రెండు చేతులతో అడుగు పట్టుకోవాలి. ఏ ఊరి కుమ్మరి చేశాడు, రంగులు దిద్దినది ఆయనా, ఆ ఇంటి ఆడవారా, ఎవరి పెళ్లికి తెచ్చారు అన్న వివరాలు అడిగి రాసి, నూలుదారంతో కుండ మెడకు కట్టిన చీటీకి కుండకంటే తక్కువ విలువ ఉండదు. చాలా ఇళ్లలో ఆ వివరాలు చెప్పగలవారు పెద్దమ్మలు, అమ్మమ్మలే కాబట్టి, కుండ కొనకపోయినా ముందు వారిని అడిగి రాసుకోవడం మంచిది. పాతది దొరకని ఊరిలో, ఇంకా సారె తిప్పుతున్న కుమ్మరికి తగిన ధర ఇచ్చి, సున్నం జాజులతోనే ఒక జత దిద్దమని అడిగితే, ఏ పట్టె తరువాత ఏ చుక్క వస్తుందో ఆ చేతిని చూస్తూనే నేర్చుకోవచ్చు.