ఆయిల్ క్యాచ్ క్యాన్ కొనేముందు

పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగే వాయువులు ఆయిల్ తుంపరను వెంటబెట్టుకుని, పీసీవీ వాల్వ్ గుండా మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్తాయి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వులను పెట్రోల్ కడగదు కనుక వాటిపై మసి పేరుకుంటుంది. ఆ ఆయిల్‌ను దారిలోనే పట్టి ఉంచేదే క్యాచ్ క్యాన్. పోర్టులోకి పెట్రోల్ చిమ్మే మామూలు ఇంజిన్లకు సాధారణంగా ఈ ఖర్చు అవసరం లేదు.

కొనేవారు పైమెరుపు కాదు, లోపలిభాగం చూడాలి. అడ్డుపలకలు, జాలీ లేని ఖాళీ డబ్బాలో తుంపర సరిగా నిలవదు. గొట్టాలు కంపెనీ గొట్టాలకంటే సన్నగా ఉండకూడదు. ఉంటే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారవచ్చు. వాయువును బయటికి వదిలే రకం వద్దు. వారంటీ సంగతి ముందే అడగండి. నిండకముందే ఖాళీ చేస్తూ ఉండండి. తీసిన ఆయిల్‌ను మాత్రం కాలువలో పోయకండి, మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.