గడ్డ తీసేశాక కూడా మూణ్నెల్లకోసారి స్కానింగ్ ఎందుకు?

"మా నాయనకు కాలేయం లోపల పిత్తనాళం కేన్సరని సగం కాలేయం తీసేసినారు. ఇప్పుడు బాగా తింటున్నాడు, చేనికి పోతానంటున్నాడు. ఇంకా మూణ్నెల్లకోసారి ఎందుకు తిప్పుతున్నారు? ఎన్నేండ్లు బతుకుతాడో ఎవరూ చెప్పరే?" ఆళ్లగడ్డ నుంచి ఒక కొడుకు అడిగిన ప్రశ్న ఇది.

నంద్యాల పక్క పారే కుందూను తలుచుకోండి. వక్కిలేరు లాంటి వాగులు, పేరు కూడా లేని వంకలు ఎన్నో అందులో కలుస్తాయి. కాలేయంలో పిత్తనాళాలూ అంతే. వెంట్రుకంత సన్నగా మొదలై, ఒకదాంట్లో ఒకటి కలుస్తూ, చివరికి ఒకే నాళమై పైత్యరసాన్ని పేగులోకి చేరుస్తాయి. మీ నాయనకు కేన్సర్ పుట్టింది లోపలి వంకలో. ఒక వంక పూడితే కుందూ ఆగదు కదా! అందుకే మొదట్లో చాలామందికి కామెర్లు రావు, నొప్పీ తెలియదు. గడ్డ బత్తాయంత అయ్యాక బయటపడేసరికి ఎక్కువ మందికి ఆపరేషన్ వీలు దాటిపోయి ఉంటుంది. మీ నాయనకు ఆ వీలు దక్కింది.

మరి మళ్లీ ఎందుకొస్తుంది? డాక్టర్లు తీసింది కనిపించిన గడ్డను. కొన్ని కణాలు అప్పటికే రక్తనాళాల వెంబడి మిగతా కాలేయంలోకో, లింఫు గ్రంథుల్లోకో చేరి ఉండొచ్చు. అవి పెరిగి స్కానింగ్‌లో కనబడటానికి నెలలు పడుతుంది. ఆపరేషన్ అయినవారిలో సగం మందికి పైగా మళ్లీ వస్తుంది. వచ్చేది ఎక్కువగా మొదటి 2 ఏళ్లలో, అదీ మిగిలిన కాలేయంలోనే. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే కొందరికి మళ్లీ కోసి తీయొచ్చు, లేదా సూదితో కాల్చేయొచ్చు. ఒక్క స్కానింగ్ కూడా తప్పనీయొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. 2 ఏళ్లు దాటాక సాధారణంగా 6 నెలలకోసారి, 5 ఏళ్ల దాకా.

ఇక ఎన్నేళ్లన్నది. ఆపరేషన్ తర్వాత 5 ఏళ్లు దాటేవారు నూటికి సుమారు 25 నుంచి 40 మంది. ఈ మాట చెప్పాలంటే మనసు బరువెక్కుతుంది, కానీ దాచను. అది అందరినీ కలిపి వేసిన లెక్క. మీ నాయన సంగతి ఇంట్లో రిపోర్టులు పెట్టిన ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన బయాప్సీ రిపోర్టు తీసి డాక్టరును అడగండి: కోసిన అంచున కేన్సర్ మిగిలిందా? గడ్డ ఒకటేనా? లింఫు గ్రంథులకు పాకిందా? గ్రంథులు శుభ్రంగా ఉంటే ఆశ బాగా పెరుగుతుంది.

కెపసిటాబిన్ అనే కీమో మాత్రలు రాసి ఉంటే మానేయనివ్వకండి. 14 రోజులు వేసుకోవడం, 7 రోజులు ఆపడం, అలా 8 సార్లు. బ్రిటన్‌లో పిత్తనాళ, పిత్తాశయ కేన్సర్లకు ఆపరేషన్ అయిన 447 మందిపై జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. మాత్రలు ఇచ్చినవారిలో సగం మంది 51 నెలలు దాటారు, ఇవ్వనివారిలో సగం మంది 36 నెలలు. గణాంకాల పరీక్షలో ఆ తేడా పూర్తిగా నిలబడకపోయినా, డాక్టర్లు ఈ మాత్రలు రాసేది దాని ఆధారంగానే. వీటితో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి, తోలు లేస్తుంది. ఎండలో ఒట్టి కాళ్లతో నడవనివ్వకండి, రోజూ క్రీము రాయండి. మండుతోందని చెబితే డాక్టరు మోతాదు తగ్గిస్తారు. చెప్పకుండా మాత్రలు పారేసేవాళ్లను చూస్తే నాకు బాధ.

ఇంకో మాట. కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా పసరు మందుకు తీసుకెళ్లకండి. నాళం మూసుకుపోయిందేమో, చీము పట్టిందేమో ఆ రోజే తేలాలి. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ నంద్యాలలోనే అవుతాయి.

మిగిలిన కాలేయం రోజుల్లోనే పెరగడం మొదలవుతుంది, కొన్ని నెలల్లో చాలావరకు పూడుకుంటుంది. సారా, బ్రాందీ మాత్రం ముట్టకూడదు. చేనికి పోతానంటే, డాక్టరు సరేనన్నాక పోనివ్వండి, గట్టు మీద నడవనివ్వండి. కోసిన చోట కండ గట్టిపడేదాకా యూరియా బస్తా మీరే ఎత్తండి.