ఆట అసలుదే, క్యాసెట్టే నకిలీ

పోకెమాన్ ఎమరాల్డ్ క్యాసెట్లు రెండు నా బల్ల మీద ఉన్నాయి. రెండూ ఆకుపచ్చవే, లోపలి సర్క్యూట్ పలక లీలగా కనిపించే ప్లాస్టిక్. ఒకటి డాలస్‌లో ఉండే మిత్రుడు అక్కడి పాత గేముల కొట్లో కొని తెచ్చింది. రెండోది అందులో పదో వంతు ధరకు ఆన్‌లైన్‌లో దొరికింది. గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో ఏది పెట్టినా అదే పాట, అవే బొమ్మలు, అదే కథ. గంటసేపు ఆడినా ఏది అసలో తేల్చుకోలేం. అందులో వింతేమీ లేదు. ఆట అంటే 16 మెగాబైట్ల అంకెలు. అంకెల్ని ఎన్నిసార్లు ఎత్తి రాసినా అవే అంకెలు.

కాబట్టి నకిలీని పట్టుకోవాలంటే ఆటను కాదు, వస్తువును చూడాలి. ప్లాస్టిక్కు, సిరా, రాగి, సిలికాన్. వీటిని అచ్చుగుద్దినట్టు తయారుచేయడం దొంగ సరుకు చేసేవాడికి గిట్టుబాటు కాదు. అతను దొరికిపోయేది అక్కడే.

తొంభైల్లో మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ అసలు-నకిలీ గొడవ కాస్త నవ్వు తెప్పించవచ్చు. మనం ఆడిన మారియో, కాంట్రా ఏ రోజున అసలువి గనక? నింటెండో 1983 జులైలో జపాన్‌లో ఫామికామ్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని చిప్పుల్ని తైవాన్ కంపెనీలు నకలు చేశాయి. ఆ నకలు చిప్పులతో తయారైన పెట్టెలే రకరకాల పేర్లతో కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట్లకు, అక్కడినుంచి మన ఇళ్ళకు వచ్చాయి. వాటితోపాటు పసుపుపచ్చ క్యాసెట్లు, పైన ‘9999 ఆటలు’ అన్న బొమ్మ. ఉన్నవి నిజానికి పదో ఇరవయ్యో. మెనూలో ఒకే ఆటను పేర్లు మార్చి వందసార్లు చూపిస్తారు. ఒకచోట మారియో మొదటి దశలో మొదలవుతాడు, ఇంకోచోట నాలుగో దశలో. ఆట మొదలయ్యేముందు మెమరీలో ఒకటి రెండు అంకెలు మార్చి పెడితే చాలు, కొత్త ఆట పుట్టినట్టే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లే. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిపడే శుభోదయం బొమ్మ అంతకంటే పెద్దది. ఒక్క క్యాసెట్లో ఇన్ని ఆటలు ఇరికించగలగడానికి కారణం అదే.

అప్పట్లో దాన్ని ఎవరూ అసలుదని చెప్పి అమ్మలేదు, అసలుదని నమ్మి మనమూ కొనలేదు. ఇప్పటి చిక్కు వేరు. ముప్పై, నలభై ఏళ్ళు దాటి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నవాళ్ళు చిన్ననాడు దొరకని అసలు వస్తువు కోసం వెతుకుతున్నారు. అసలు ధర పెట్టి నకిలీ కొంటున్నారు.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. గేమ్ బాయ్ ఆన్ చేయగానే తెర పైనుంచి నింటెండో పేరు మెల్లగా కిందికి దిగుతుంది. అది చూసి ‘అసలుదే’ అనుకుంటారు. 1989లో వచ్చిన ఆ యంత్రంలో ఉన్న ఏర్పాటు ఇది: లోపలున్న చిన్న ప్రోగ్రామ్ క్యాసెట్లోంచి 48 బైట్లు చదువుతుంది, వాటినే తెర మీద గీస్తుంది, ఆ తర్వాత తన దగ్గరున్న నమూనాతో పోల్చి చూస్తుంది. ఒక్క బిట్టు తేడా వచ్చినా అక్కడే ఆగిపోతుంది. అంటే తెర మీద దిగే పేరు వచ్చేది యంత్రంలోంచి కాదు, క్యాసెట్లోంచే. దొంగ క్యాసెట్ పనిచేయాలంటే కంపెనీ ట్రేడ్‌మార్కును కూడా దొంగిలించక తప్పదు, అప్పుడు ఆ పేరు మీదే కేసు పెట్టవచ్చు. వెనకున్న లాయరు బుద్ధి అది. నకిలీదారు కేసులకు భయపడే రకం కాదు గనక పేరు దిగుతూనే ఉంది.

ఇక లోపలికి. అసలు క్యాసెట్లో ఆట ఉండేది మాస్క్ రోమ్ అనే చిప్పులో. సిలికాన్ పలక మీద ట్రాన్సిస్టర్లు ఏర్పరిచేటప్పుడే ఏది సున్నా ఏది ఒకటి అన్నది ఒక అచ్చు ద్వారా నిర్ణయమైపోతుంది. తర్వాత చెరపడం, తిరగరాయడం కుదరదు. ఆ అచ్చు చేయించడానికి చాలా ఖర్చవుతుంది, లక్షల్లో క్యాసెట్లు అమ్మేవాడికే అది గిట్టుతుంది. వందల్లో చేసే నకిలీదారు బజారులో దొరికే ఫ్లాష్ మెమరీ కొని ఆటను అందులోకి ఎక్కిస్తాడు. ఫ్లాష్‌లో సమాచారం నిలిచేది విద్యుత్తు రూపంలో. నాలుగువైపులా ఇన్సులేషన్ ఉన్న అతిచిన్న గదిలో ఎలక్ట్రాన్లను బంధిస్తారు. అవి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా జారిపోతుంటాయి, వేడికి ఇంకాస్త త్వరగా. ఇలాంటి చిప్పులకు తయారీదారులు మామూలుగా చెప్పుకునే ఆయుష్షు పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు. మాస్క్ రోమ్‌లో జారిపోవడానికి ఏమీ లేదు. నలభయ్యేళ్ళ ఫామికామ్ క్యాసెట్లు నేటికీ పనిచేస్తున్నాయంటే అందుకే.

ఇంకో సంగతి. నింటెండో పాత యంత్రాలైన నెస్, సూపర్ నెస్, తొలి గేమ్ బాయ్ 5 వోల్టుల మీద నడిచేవి. నేటి చవక ఫ్లాష్ చిప్పులు చాలావరకు 3.3 వోల్టులవి. మధ్యలో వోల్టేజీ సర్దే భాగం ఒకటి పెట్టాలి. రూపాయి మిగులుతుందని దాన్ని ఎగ్గొడతారు. అలాంటి క్యాసెట్ ఆడుతుంది, రేపూ ఆడవచ్చు. కానీ చిప్పు తట్టుకోగలిగినదానికి మించిన ఒత్తిడిలో ఉంటుంది, అటు యంత్రం మీదా భారం వేస్తుంది. అపురూపంగా దాచుకున్న పాత యంత్రంలో చవక క్యాసెట్ పెట్టేముందు ఆలోచించుకోవలసింది ఇదే.

నా రెండు ఎమరాల్డులనూ విప్పి చూశాను. గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్‌కు ఒకే మర, మూడు రెక్కల తలది, మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగదు. అసలు పలక మీద కంపెనీ పేరు స్ఫుటంగా అచ్చై ఉంది. విప్పకుండానే అడుగున కాంటాక్టుల పైనున్న సందులోంచి అది కనిపిస్తుంది. చిప్పుల మీద అంకెలున్నాయి. చాలా చిప్పుల మీద ఓ నాలుగంకెల గుర్తుంటుంది: మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం. 0512 అంటే 2005లో పన్నెండో వారం. 2005లో అమెరికాలో విడుదలైన ఆటలో 2015 నాటి చిప్పు కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. నా నకిలీ క్యాసెట్ అంత శ్రమ కూడా ఇవ్వలేదు, చిప్పు మీది అక్షరాలు అరగదీసి ఉన్నాయి. కొన్నింట్లో చిప్పు స్థానంలో గుండ్రటి నల్లటి ముద్ద ఉంటుంది, లోపల సిలికాన్ ముక్కను నేరుగా పలకకు అతికించి పైన ఎపాక్సీ పోస్తారు. ముద్ద కనిపించగానే నకిలీ అని తీర్పు చెప్పేయకండి. నెస్ కాలపు కొన్ని అసలు క్యాసెట్లలోనూ అది ఉంది.

ఆట అంకెలు ఒకటే అన్నాను గానీ ఒకచోట మినహాయింపుంది: సేవ్. అసలు ఎమరాల్డ్ మన ఆటను దాచుకునేది విడిగా ఉన్న 1 మెగాబిట్ ఫ్లాష్ చిప్పులో. బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది గడియారాన్ని నడపడానికే. ఇరవయ్యేళ్ళకు ఆ బ్యాటరీ అయిపోతుంది. అప్పుడు ఆట మొదట్లోనే, బ్యాటరీ అయిపోయింది, ఆడుకోవచ్చు గానీ సమయంతో ముడిపడినవి జరగవు అని ఒక సందేశం వస్తుంది. సేవ్‌కు ఏమీ కాదు. నకిలీదారు ఆ ప్రత్యేక చిప్పు పెట్టడు. చవక ఎస్‌ర్యామ్ పెట్టి, దానికి సరిపడేలా ఆట ప్రోగ్రామ్‌ను అక్కడక్కడ మారుస్తాడు. ఎస్‌ర్యామ్‌కు కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం. బ్యాటరీ చచ్చిన రోజు అరవై గంటల ఆట గాలికి పోతుంది. అందుకని ఎమరాల్డ్ అమ్మేవాడు ‘బ్యాటరీ మార్చాలి, లేకపోతే సేవ్ పోతుంది’ అన్నాడంటే తెలియకుండానే నిజం చెప్పేసినట్టు. అదే మాట పోకెమాన్ రెడ్ గురించో గోల్డ్ గురించో అంటే మాత్రం తప్పు పట్టలేం. ఆ తరం అసలు క్యాసెట్లు సేవ్ కోసం బ్యాటరీ మీదే ఆధారపడ్డాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఎమరాల్డ్‌ది కాదు, 2009లో నింటెండో డీఎస్‌కు వచ్చిన పోకెమాన్ హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్‌లది. అడుగులు లెక్కపెట్టే పోకేవాకర్ అనే చిన్న పరికరంతో మాట్లాడటానికి ఆ క్యాసెట్లలోనే ఇన్‌ఫ్రారెడ్ దీపం, గ్రాహకం పెట్టారు. ప్లాస్టిక్ చూడటానికి నల్లగా ఉంటుంది. అందులో కలిపిన రంగు మన కంటికి కనిపించే వెలుగును దాదాపు మొత్తం మింగేసి ఇన్‌ఫ్రారెడ్‌ను వదులుతుంది. ఆ రెంటికీ సరిహద్దున ఉండేది ముదురు ఎరుపు, కాబట్టి అది కొంచెం దాటి వస్తుంది. ఫోన్ టార్చి వెలిగించి క్యాసెట్‌ను అడ్డం పెట్టండి, అసలుదైతే అంచుల్లో చిక్కటి ఎరుపు తేలుతుంది. మామూలు ప్లాస్టిక్‌తో చేసిన నకిలీ నల్లగానో బూడిదరంగులోనో మొండికేస్తుంది. విప్పక్కర్లేదు, ఆడక్కర్లేదు, ఐదు సెకన్ల పని.

లేబుల్ దగ్గర పదిరెట్లు పెంచి చూపే భూతద్దం కావాలి. అసలు లేబుళ్ళు ఆఫ్‌సెట్ ముద్రణ. బొమ్మలు నాలుగు రంగుల చుక్కలతో వస్తాయి గానీ సన్నటి నల్ల అక్షరాలకు గట్టి నల్ల సిరా పడుతుంది, అంచు తెగిపోయినట్టు నీటుగా ఉంటుంది. నకిలీదారు మొత్తం లేబుల్‌ను స్కాన్ చేసి మళ్ళీ ముద్రిస్తాడు. స్కానర్‌కు అక్షరమూ బొమ్మే. అందుకే ఆ అక్షరాల అంచుల్లో రంగు చుక్కలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. ఇంకా, గేమ్ బాయ్ అడ్వాన్స్ అసలు లేబుల్‌ను వెలుగుకు వాల్చి చూస్తే రెండంకెలు నొక్కిన గుర్తు ఉంటుంది, ఒక్కోసారి పక్కనే ఒక అక్షరం. ఈ గుర్తును అనుకరించడం ఇప్పుడు నకిలీలకూ వచ్చేసింది. అది లేకపోతే అనుమానించండి, ఉన్నంతమాత్రాన నమ్మకండి.

ఆన్‌లైన్‌లో ఇవేవీ చేతికి అందవు, ఫోటోలే దిక్కు. వెలుగుకు వాల్చిన లేబుల్, వెనకభాగం, కాంటాక్టుల సందు, వీలైతే విప్పిన పలక, పక్కనే ఆవేళ్టి తేదీ రాసిన చీటీ: ఈ ఫోటోలు అడగండి. తన దగ్గర నిజంగా వస్తువు ఉన్నవాడికి అది పది నిమిషాల పని. విసుక్కున్నవాణ్ణి వదిలేయండి. ‘ఆడి చూశాం, బాగా పనిచేస్తోంది’ అన్న హామీకి విలువేమీ లేదని పైన చెప్పుకున్నదాన్నిబట్టి తేలుతూనే ఉంది. పాతికేళ్ళ కిందటి ఆట సీలు విప్పనిది, అదీ పది కాపీలు ఒకే అమ్మకందారు దగ్గర ఉందంటే అది ఫ్యాక్టరీ నుంచి కిందటి నెల వచ్చిందే. ధర పోల్చేటప్పుడు అమ్మేవాళ్ళు అడుగుతున్న రేట్లు కాదు, నిజంగా అమ్ముడుపోయిన రేట్లు చూడాలి. వెబ్‌సైటు బయట యూపీఐలో పంపమంటే పంపకండి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటినుంచీ వీడియో తీసుకోండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది.

ఆడుకోవడానికే అయితే నకిలీ కొంటే తప్పేమిటి అని అడిగేవాళ్ళున్నారు. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీస్తే, అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికి ఏ రూపంలోనూ కొత్తగా అమ్మకానికి లేవని తేలింది. కాబట్టి ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా నేను కొనమనను. ‘ఇది నకలే’ అని ఒప్పుకుని అమ్మిన క్యాసెట్, రెండో చేతికి వెళ్ళేసరికి ఆ మాట మరిచిపోతుంది, మూడో చేతిలో అసలు ధర పలుకుతుంది. ఆడాలనే కోరికైతే నింటెండో తన పాత ఆటల్లో కొన్నింటిని స్విచ్ చందాలో ఇస్తోంది. అక్కడ దొరికే ఆటకు అసలు క్యాసెట్ అవసరమూ లేదు.

కొన్న అసలు క్యాసెట్ ఆడకపోతే వెంటనే నకిలీ అనుకోవద్దు, ఊదనూ వద్దు. చిన్నప్పుడు మనమంతా ఊదాం, ఊదితే పనిచేసింది కూడా. పనిచేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ పెట్టినందుకు. అప్పుడు కాంటాక్టులు కొత్తచోట ఆనుకుంటాయి. నోటి తేమ వల్ల లోహం తుప్పు పట్టడమే మిగులుతుంది, ఊదవద్దని నింటెండోయే హెచ్చరించింది. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి తుడిస్తే నల్లటి మురికి ఊడి వస్తుంది.

ఇంత చెప్పాక, అతి ఖరీదైన కొనుగోళ్ళలో ఈ పరీక్షల్లో చాలావాటికి చోటే లేదు. 2021 జులైలో హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో సీలు విప్పని సూపర్ మారియో 64 పెట్టె 15.6 లక్షల డాలర్లకు పోయింది. ఇలాంటి పెట్టెను నిపుణులు పైపైన పరీక్షించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ గూట్లో బిగించేస్తారు. చుట్టిన పొర అతుకు, అట్ట ముద్రణ, మూలలు, వాళ్ళు చూడగలిగేది అంతవరకే. లోపలి పలక మీద ఏ పేరుందో, చిప్పు మీద ఏ వారం అచ్చై ఉందో కొన్నవాళ్ళు చూసుకోరు. చూడాలంటే సీలు విప్పాలి, విప్పితే ఆ ధర ఉండదు.