పట్టు విడువని బ్రేకు

కేష్కాల్ ఘాటు దిగుతున్నప్పుడు ప్రమాదాన్ని ముందుగా పసిగట్టింది మా అమ్మ. "ఏదో మాడుతున్నదిరా" అన్నది వెనుక సీటులోనుంచి. ముందు పోతున్న లారీ వాసన కాబోలునని నేను సరిపెట్టుకున్నాను. మరొక మలుపు తిరిగేసరికి నా కాలికింది బ్రేకు పెడల్ ఎప్పుడూ ఆగేచోట ఆగక, మెత్తగా, లోతుగా దిగిపోయింది. ఒకవైపు కొండ, మరొకవైపు లోయ.

గేరు తగ్గించి, పెడల్‌ను పదేపదే తొక్కి, ఎట్లాగో తేలిన్ మాత గుడి దగ్గర బండిని నిలపగలిగాను. దిగి చూస్తే, కుడివైపు వెనుక చక్రంనుంచి సన్నగా పొగ వస్తున్నది. చెయ్యి జానెడు దూరంలో పెట్టినా సెగ తగులుతున్నది. తక్కిన మూడు చక్రాలూ మామూలుగానే ఉన్నాయి.

ఇది 2023 నవంబరు నాటి మాట. విజయనగరంలో మా మేనకోడలి పెళ్ళి చూసుకుని, కోరాపుట్, జగదల్‌పూర్‌ల మీదుగా రాయపూర్ తిరిగి వస్తున్నాము. ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య రాకపోకలు సాగించే తెలుగువారికి ఈ దారి కొత్త కాదు. సాలూరు దాటిన తరువాత ఒక ఘాటు ఎక్కాలి; కేష్కాల్ దగ్గర మరొక ఘాటు దిగాలి. బ్రేకును నమ్ముకోనివాడు పోవలసిన దారి కాదిది.

మా కారు పదహారేళ్ళ పాతది. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులున్న బండి. దాని వెనుక బ్రేకు అట్లా పట్టుకుపోవడం అది మూడవసారి. మొదటిసారి పట్టుకున్నప్పుడు చక్రం వద్ద డిస్కును ఒత్తిపట్టే కాలిపర్‌ను మార్పించాను. నాలుగు నెలలు బాగానే నడిచింది. మళ్ళీ పట్టుకున్నది; మళ్ళీ కొత్త కాలిపర్ వేయించాను. ఇప్పుడు అదీ పట్టుకున్నది. ఇంత ఖర్చు పెట్టిన తరువాత కూడా కుటుంబాన్నంతటినీ ఘాటు రోడ్డుమీద నిలబెట్టిన ఆ బండిని అమ్మివేయాలని ఆ సాయంకాలమే నిశ్చయించుకున్నాను. మేము బస్సులో ఇల్లు చేరాము. కారు మరునాడు లారీమీద వచ్చింది.

ఒక ప్రశ్న

మేముండేది రాయపూర్‌లోని పండరీలో. ఊరివారికి పండరీ అనగానే బట్టల బజారు గుర్తుకు వస్తుంది; 2021లో బస్సులు భాటాగావ్‌కు తరలిపోయేవరకు బస్‌స్టాండు కూడా గుర్తుకు వచ్చేది. మా వీధి చివర శ్రీకాకుళం ప్రాంతంనుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకరున్నారు. రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారంలో ఉద్యోగం చేసి విరమించినవారు. లారీమీదినుంచి దించుతున్న కారును చూసి, "ఏమైంది బాబూ?" అన్నారు.

"కాలిపర్ మళ్ళీ పోయింది, బాబాయిగారూ. ఇది మూడవది."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "మూడు కాలిపర్లూ చెడ్డవే అయివుంటాయా, బాబూ? లేక మూడింటినీ చెడగొడుతున్నది మరొకటేదైనా ఉన్నదా?" అన్నారు.

నా వృత్తి అనువాదం. ఒక వాక్యం ఎన్నిసార్లు తిరగరాసినా కుదరకపోతే, తప్పు ఆ వాక్యంలో కాక, దానికి ముందు నేను అర్థం చేసుకోని మరొక వాక్యంలో ఉంటుందని ఇరవయ్యేళ్ళుగా ఎరుగుదును. కాని నా కారు విషయంలో ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

"వ్యాగన్లకు కూడా ఈ జబ్బు వస్తుంది," అన్నారాయన. "మేము బ్రేక్ బైండింగ్ అంటాము. అప్పుడు ముందుగా బ్రేకు సిలిండర్‌లోని గాలి వదిలి చూస్తాము. గాలి పోగానే చక్రం విడిపోతే తప్పు గాలివైపు ఉన్నట్టు. గాలి పోయినా విడవకపోతే తప్పు కడ్డీలవైపు ఉన్నట్టు. అది తేల్చకుండా స్పానర్ పట్టం."

వదలడమనే పని

బ్రేకు పట్టడాన్ని గురించి మనమందరం ఆలోచిస్తాము. అది వదలడాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. మూసివున్న ద్రవంమీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ 17వ శతాబ్దంలో వివరించాడు. ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో లె మాన్ పందెంలో డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ కారు గెలిచిన తరువాత వాటికి ప్రపంచమంతటా పేరు వచ్చింది.

మనం పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని బ్రేకు ఆయిల్ ఒత్తిడికి లోనై, గొట్టాలద్వారా కాలిపర్‌లోని పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. కాలు తీసినప్పుడు పిస్టన్‌ను వెనుకకు లాగే బలమైన స్ప్రింగు అక్కడ ఏదీ ఉండదు! పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు, పిస్టన్ ముందుకు జరిగినప్పుడు కొద్దిగా మెలిపడుతుంది. ఒత్తిడి తగ్గగానే యథాస్థితికి వస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో వెనుకకు తెస్తుంది. అంతే. పట్టడానికి మనిషి కాలి బలం. వదలడానికి ఒక రబ్బరు ఉంగరం యొక్క స్వల్పబలం. దారిలో ఏ చిన్న అడ్డు వచ్చినా బ్రేకు బాగానే పడుతుంది. వదలడం మాత్రం మానివేస్తుంది.

వెనుక చక్రాలకు ఈ బాధ ఎక్కువ కావడానికి కారణాలున్నాయి. బండి ఆగేటప్పుడు బరువు ముందుకు వాలుతుంది గనుక పని చాలావరకు ముందు బ్రేకులదే. వెనుకవి తక్కువగా కదులుతాయి. తక్కువగా కదిలేది త్వరగా తుప్పు పడుతుంది. అంతేగాక అనేక బండ్లలో హ్యాండ్ బ్రేకు యంత్రాంగం కూడా వెనుక కాలిపర్‌లోనే ఇమిడి ఉంటుంది. వానాకాలంలో దాని కేబుల్ తొడుగులోకి నీరు చేరితే, లివర్ లాగినప్పుడు వస్తుంది గాని తిరిగి పోదు.

నేరస్థలంలో పరీక్ష

చల్లారిన బండిని షెడ్డులో ఎత్తి చూస్తే లాభం లేదు. అప్పటికి చక్రం వదిలివేసి ఉంటుంది. జబ్బు ఉన్నప్పుడే నాడి చూడాలి. ఒక ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పండరీ మెకానిక్కు ఒకతనిని వెంటబెట్టుకుని సమతలమైన దారిలో నెమ్మదిగా తిరిగాము. కొన్ని కిలోమీటర్లకే బండి బరువెక్కింది. వెంటనే నిలిపి, ముందు చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టి, జాకీ ఎత్తి కింద స్టాండు కూడా అమర్చాము. జాకీ ఒక్కదానినే నమ్మి ఎవరూ బండికిందికి పోరాదు.

మొదటి ప్రశ్న: ఒక చక్రమా, రెండా? రెండూ వేడెక్కితే అనుమానం ఉమ్మడిగా ఉన్న వాటిమీద, అనగా హ్యాండ్ బ్రేకు సర్దుబాటు, మాస్టర్ సిలిండర్‌ల మీద పడాలి. కాలు తీసినా పెడల్ కడ్డీ మాస్టర్ సిలిండర్‌ను కొంచెం నొక్కుతూనే ఉంటే, ఆయిల్ తిరిగి పోయే సన్నని రంధ్రం మూసుకుని ఉంటుంది. చాలా కార్లలో ముందు ఎడమ చక్రానికీ వెనుక కుడి చక్రానికీ ఒకే ఆయిల్ దారి ఉంటుంది. అట్లా ఐమూలగా ఉన్న జత వేడెక్కినా చూపు మాస్టర్ సిలిండర్ వైపే పోవాలి. మాది ఒక్క కుడి వెనుక చక్రమే. కనుక తప్పు ఆ మూలనే ఉన్నది.

రెండవ ప్రశ్న: హ్యాండ్ బ్రేకా? కాలిపర్ వద్ద కేబుల్‌ను లివర్‌నుంచి తప్పించాము. లివర్ తన ఆనుడుకు ఆనుకునే ఉన్నది, చక్రం కదలలేదు. కేబుల్ నిర్దోషి.

మూడవ ప్రశ్న పెద్దాయన చెప్పిన "గాలి" ప్రశ్న: ఒత్తిడా, బిగుతా? గాలి తీసే నిపుల్‌కు సన్నని గొట్టం తొడిగి, కొన సీసాలో ఉంచి, పావు చుట్టు వదులు చేశాము. ఆయిల్ చివ్వున చిమ్మింది. ఆ క్షణంలోనే చక్రం చేతితో తిప్పితే తిరిగింది! పెడల్‌మీద ఎవరి కాలూ లేదు. అయినా కాలిపర్‌లో ఒత్తిడి బందీయై ఉన్నది.

అట్లా జరగక చక్రం బిగుసుకునే ఉంటే, దోషం పిస్టన్‌ది గాని, కాలిపర్ జారే పిన్నులది గాని, తుప్పు పొంగి ప్యాడ్లను నొక్కిపట్టిన బ్రాకెట్‌ది గాని అయివుండేది.

నాలుగవ ప్రశ్న: ఆ ఒత్తిడిని దారిలో ఎవరు ఆపుతున్నారు? నిపుల్ బిగించి, చక్రం మళ్ళీ పట్టుకునేవరకు బండి నడిపి, ఈసారి రబ్బరు హోస్ పైపు ఇనుపగొట్టంతో కలిసే బిగింపును వదులు చేశాము. అక్కడ రెండు చుక్కలు కారాయి, చక్రం వదలలేదు. అంటే ఇనుపగొట్టంవైపు ఒత్తిడి లేదు, కాలిపర్‌వైపు ఉన్నది. రెండింటి నడుమ ఉన్నది జానెడు రబ్బరు పైపు ఒక్కటే.

పైకి ఆ పైపు నిక్షేపంలా ఉన్నది. కాని దానిని చట్రానికి పట్టివుంచే ఇనుప బ్రాకెట్ లోపల తుప్పు పొరలు పొరలుగా పొంగి, పైపును చుట్టూ నొక్కివేసింది. లోదారి సూది బెజ్జమంత అయింది. కాలి బలం ఆయిల్‌ను ఆ బెజ్జంగుండా అవతలికి నెట్టగలదు; సీలు యొక్క స్వల్పబలం దానిని ఇవతలికి రప్పించలేదు.

కొత్త కాలిపర్ వేసినప్పుడల్లా కొన్నాళ్ళు ఎందుకు నయమైనదో అప్పుడు అర్థమైంది. కాలిపర్ మార్చేవారు ఆయిల్ గొట్టం విప్పుతారు, గాలి తీస్తారు. బందీగా ఉన్న ఒత్తిడి పోతుంది. గుణం కనిపించింది మార్చినందువలన కాదు, విప్పినందువలన. తరువాత తుప్పు తన పని తాను చేసుకుపోయేది. పాత కాలిపర్లు చెడినమాట కూడా నిజమే. వేడికి వాటి సీళ్ళు గట్టిపడ్డాయి. కాని అది రోగం కాదు, రోగం చేసిన గాయం.

ఆ పైపు ఖరీదు కాలిపర్ ఖరీదులో పదవ వంతైనా లేదు. వెనుక పైపులు రెండూ మార్పించి, బ్రాకెట్లు గీకించి రంగు వేయించాము. మాడిన ప్యాడ్లనూ సీలునూ డిస్కునూ కూడా మార్చక తప్పలేదు.

మీరు గుర్తుంచుకోవలసినవి

ఘాటులో పెడల్ దిగిపోవడానికి కారణం బ్రేకు ఆయిల్ మరగడమే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదని ప్రమాణం. తేమ చేరినదానికి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడల్ ఆ బుడగలను నొక్కుతుంది గాని చక్రాన్ని ఆపదు. కనుక బండి తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా రెండేళ్ళకొకసారి, ఆయిల్ మార్పించండి.

కాలిపర్ పిన్నులకు మామూలు గ్రీజు పూయనీయకండి; పెట్రోలియం సంబంధమైన గ్రీజు, కిరోసిన్, డీజిల్ తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది. బ్రేకులకని చేసిన గ్రీజే వాడాలి. హ్యాండ్ బ్రేకు ఇమిడివున్న వెనుక పిస్టన్‌ను చాలా బండ్లలో తిప్పుతూ లోపలికి పంపాలి. బలవంతాన నొక్కితే లోపలి మర విరుగుతుంది. ప్రయాణంలో మాడు వాసన వస్తే బండి ఆపండి. కాలుతున్న డిస్కుమీద నీరు పోయకండి. చల్లారిందికదా అని ఘాటు దిగకండి.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఒకే భాగం రెండవసారి చెడితే దానిని మార్చే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఇది చెడినదా, చెడగొట్టబడినదా?

కారు అమ్మలేదు. 2024 మార్చిలో మళ్ళీ విజయనగరం వెళ్ళి అదే దారిన తిరిగి వచ్చాము. తేలిన్ మాత గుడి దగ్గర బండి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా వరుసగా చెయ్యి చాపి చూశాను. నాలుగూ ఒకే తీరుగా వెచ్చగా ఉన్నాయి. అమ్మ కిటికీలోనుంచి, "ఏమైనా వాసన వస్తున్నదిరా?" అన్నది.

"లేదమ్మా," అన్నాను.