బ్యాలెన్స్ అంటే ఉన్నదా, కట్టాల్సిందా?

1984లో నేను హోసూరు పక్కన ఒక బ్యాంకు శాఖలో కొత్తగా చేరాను. హోసూరు అప్పట్లో ధర్మపురి జిల్లాలో ఉండేది. కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే ఎక్కువ. ఒకరోజు ఒక పెద్దామె చనిపోయిన భర్త పాస్‌బుక్కు తెచ్చి, ఇందులో ఏముందో చూడమంది. లెడ్జరు తిప్పి చూసి, "బ్యాలెన్స్ మూడొందల నలభై ఉందమ్మా" అన్నాను. ఆమె ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. కొంగుముడి విప్పి మూడొందల నలభై రూపాయలు నా ముందు పెట్టింది. "కట్టించుకో సామీ. ఆయప్ప బాకీ పెట్టిపోయినాడని ఊళ్ళో అనగూడదు" అంది. చెవులు బోసిగా ఉన్నాయి. కమ్మలు కుదువ పెట్టి తెచ్చింది.

ఆ డబ్బు ఆమెకు రావాల్సిందని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. చెప్పాక ఆమె అన్న మాట ఒక్కటే: "ఆ పొద్దే చెప్పుండొచ్చు గదా సామీ." కుదువ వడ్డీ నేనిస్తానన్నా తీసుకోలేదు.

ఆమెకు ఆ ఇంగ్లీషు మాట తెలియక కాదు, బాగా తెలిసే ఇలా జరిగింది. చిల్లర అంగడి ఖాతా పుస్తకంలో "పోయిన నెల బ్యాలెన్స్ పన్నెండు రూపాయలు" అంటే మనం కట్టాల్సిందే. అదే బస్సులో కండక్టరు టికెట్టు వెనక బ్యాలెన్స్ రాసిస్తే అతను మనకు ఇవ్వాల్సింది. బ్యాంకులో అయితే మనం దాచుకున్నది. ఫోన్లో అయితే మిగిలినది. "ఇంకా రెండు ఎకరాల కోత బ్యాలెన్స్" అంటే కావలసిన పని. కాలు జారి పడబోతే "బ్యాలెన్స్ తప్పింది" అంటాం. మేము జూన్, డిసెంబరు ముగింపుల్లో పది పైసలు తేడా వస్తే రాత్రిళ్ళు కూర్చుని వెతికేవాళ్ళం. దాన్నీ బ్యాలెన్స్ చెయ్యడమే అనేవాళ్ళం.

ఇన్ని అర్థాలకూ మూలం తక్కెడే. లాటిన్లో "బై" అంటే రెండు, "లాంక్స్" అంటే పళ్ళెం. రెండు పళ్ళేల తక్కెడ పేరే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. లెక్కల పుస్తకంలో కూడా రెండు పక్కలుంటాయి, జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు. రెండూ సమానం కావాలంటే తక్కువైన వైపు ఎంత వెయ్యాలో ఆ అంకె పేరు బ్యాలెన్స్. కామర్సు చదివినవాళ్ళకు ఇది మొదటి ఏడాది పాఠమే. ఆ అంకె తేడా ఎంతో మాత్రమే చెప్తుంది. ఎవరు ఎవరికి ఇవ్వాలో చెప్పదు.

మన "బాకీ"కి కూడా ఇదే కథ. అరబ్బీలో "బాకీ" అంటే మిగిలినది అనే అర్థం. మరాఠీలో ఆ అర్థం ఇప్పటికీ ఉంది, తీసివేత లెక్కను వాళ్ళు "వజాబాకీ" అంటారు. తమిళంలో "పాక్కి", కన్నడలో "బాకి" మిగిలినదానికీ చెల్లుతాయి, అప్పుకూ చెల్లుతాయి. తెలుగులో మాత్రం బాకీ అనగానే అప్పే గుర్తొస్తుంది. అందుకే రెండు భాషల మధ్య బతికే మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట దగ్గర తికమక ఎక్కువ.

చేతిలో ఉన్న సొమ్ముకు వేరే మాటలు లేకపోలేదు. తెలుగులో "నిల్వ", అంటే నిలిచి ఉన్నది. తమిళంలో "ఇరుప్పు", అంటే ఉన్నది. కన్నడ లెక్కల్లో "శిల్కు", మరాఠీలో "శిల్లక్". వీటిలో ఏ ఒక్కటి అన్నా ఆమెకు ఆ తిప్పలు తప్పేవి. నాకు నిల్వ అనే మాట తెలుసు. కానీ కౌంటరులో కూర్చున్నాక ఇంగ్లీషు మాట అంటేనే ఆఫీసరు మాటలా ఉంటుందనుకునే వయసు అది.

ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్ళూ నేను ఉత్త "బ్యాలెన్స్" అని ఎవరికీ చెప్పలేదు. "మీ పేరున మా దగ్గర ఇంత ఉంది" అనో, "మీరు ఇంకా ఇంత కట్టాలి" అనో చెప్పేవాణ్ణి. నాలుగు మాటలు ఎక్కువవుతాయి, అంతే.

ఇప్పుడు కౌంటరు బదులు ఫోను వచ్చింది. పొదుపు ఖాతా మెసేజీలోనూ బ్యాలెన్సే, నగల అప్పు మెసేజీలోనూ బ్యాలెన్సే. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు అవి చదివి వినిపించేటప్పుడు అంకె చెప్పి ఊరుకోకండి. అది వాళ్ళకు రావాల్సిందో, వాళ్ళు కట్టాల్సిందో కూడా చెప్పండి. అడగడానికి మొహమాటపడి, చెవి కమ్మలు తీసేవాళ్ళు ఇంకా ఉన్నారు.