లినక్సు కంప్యూటరు వాకిలియు, దాని తాళపు మీటలును

కంప్యూటరును తెఱచుట మన బాలబాలికలకు వేఱుగా నేర్పనక్కఱలేదు. పేరు వ్రాయుదురు, పాస్‌వర్డు వ్రాయుదురు, లోనికి బోవుదురు. కుర్చీ విడిచి లేచునపుడు దానిని మూసిపోవలయునను తలంపు మాత్రము పలువురకు కలుగదు. సిరిమానోత్సవము చూడ విజయనగరము బోవువారు ఇంటికి తాళము వేసి, వేసిన తాళమును రెండు పర్యాయములు లాగి చూచి మఱి కదలుదురు. ఆపాటి జాగ్రత్త కంప్యూటరుపట్ల నేల యుండరాదు? ఈ తాళము వేయుటకు రెండు మీటలు చాలును. ఆ మీటలను గూర్చియు, అవి కాపాడు వాకిలిని గూర్చియు, మా ప్రయోగశాలయందు నడచుచున్న లినక్సు పద్ధతి ననుసరించి కొంత వ్రాయుదుము.

లినక్సు అనునది 1991వ సంవత్సరమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన పని. దానికి మాతృక 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్సు. ఒక యంత్రమును పలువురు పంచుకొనుటకై యేర్పడినది గాన, ఎవరి గది వారిది, ఎవరి తాళము వారిది అను నియమము దానికి పుట్టుకతోనే వచ్చినది. మన దేశమున సీడాక్ సంస్థవారు 2007లో బాస్ అను పేర నొక లినక్సును వెలువరించిరి. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగున జూపుటకు పాటుపడిరి. వెలలేక దొరకుటయు, పాతబడిన యంత్రములపై సైతము నడచుటయు పాఠశాలలకు గొప్ప లాభము. అయినను కొందఱు ప్రయోగశాలయం దందఱికిని ఒకే ఖాతా యిచ్చి, దానికి స్టూడెంటు అని పేరుపెట్టి, పాస్‌వర్డును గూడ స్టూడెంటు అనియే యుంచెదరు. అట్లు చేసినచో పైనియమ మంతయు వ్యర్థము. ఎవరేమి చేసిరో యంత్రము చెప్పజాలదు.

పాస్‌వర్డు చరిత్రము వినదగినది. 1960వ దశకమున మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కార్బటోయు, ఆయన సహచరులును నిర్మించిన పద్ధతియందు పాస్‌వర్డులన్నియు ఒక ఫైలులో ఉన్నవి యున్నట్లే యుండెడివి. 1966లో ఒకనాడు రెండు ఫైళ్లు తాఱుమాఱై, లాగిన్ చేసినవారి కెల్లరకు ఆనాటి ప్రకటనకు బదులు అందఱి పాస్‌వర్డుల పట్టికయు కనబడినది! ఇట్టి యాపద మరల రాకుండుటకై తరువాతివారు పాస్‌వర్డును దాచుట మాని, దానిని విసరి పిండిచేసి, ఆ పిండిని మాత్రము దాచుట నేర్చిరి. తిరుగలిలో పోసిన చోళ్లు పిండి యగును గాని, పిండినుండి చోళ్లు రావు గదా. మనము పాస్‌వర్డు వ్రాసిన ప్రతి పర్యాయమును యంత్రము దానిని గూడ అట్లే విసరి, రెండు పిండులును సరిపోలునేమో చూచును. రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ అనువారు 1979లో ప్రకటించిన వ్యాసమునందు మఱొక యుపాయము వివరింపబడినది. ప్రతివారి పాస్‌వర్డునకును వేఱువేఱుగా చిటికెడు చొప్పున ఒకటి కలిపి విసరుదురు. దానికి పెట్టిన పేరును ఉప్పే. అందుచేత ఇద్దఱు పిల్లలు ఒకే పాస్‌వర్డు పెట్టుకొన్నను పిండులు వేఱుగా నుండును. నేటి లినక్సునందు ఈ పిండి షాడో అను ఫైలులో నుండును. అది యంత్రాధికారికి దక్క సామాన్యులకు కనబడదు.

ఇంత యుపాయము చెప్పిన థామ్సన్‌గారి పాస్‌వర్డు మాట యేమైనది? 1980 ప్రాంతపు యూనిక్సు ఫైలొకదానిలో నిలిచిపోయిన ఆయన పిండిని 2019లో ఔత్సాహికు డొకడు నేటి శక్తిమంతమగు యంత్రముతో కొన్ని దినములు శ్రమించి ఛేదించెను. అది చదరంగమున రాణి ముందరి బంటును రెండు గడులు జరుపు ఎత్తు; మొత్తము 8 అక్షరములు. ఆ దినములలో అది దుర్భేద్యమే. నేడు 8 అక్షరములు చాలవు.

ఇక మీటల సంగతి. కీబోర్డు క్రిందివరుసలో, పెక్కింటియందు విండోసు గుఱుతుతో నుండు మీటను లినక్సువారు సూపర్ అందురు. గ్నోమ్, కేడీఈ అను రంగములందు సూపర్ మీటను పట్టి ఎల్ నొక్కినచో తెరకు తాళము పడును. సిన్నమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ మొదలగువానియందు కంట్రోల్, ఆల్ట్, ఎల్ అను మూడింటిని గూర్చి నొక్కుట వాడుక. పని ఆగదు, తెఱచిన ఫైళ్లు మూసికొనవు. మరల పాస్‌వర్డు వ్రాసినంతనే విడిచినది విడిచినట్లే యుండును. కొన్ని నిమిషములు మీట తాకకున్న తనంతట తానే తాళము పడు ఏర్పాటును గలదు. కాని దానినే నమ్ముకొనరాదు. ఏలయనగా చెఱుపు చేయుటకు ఆ కొన్ని నిమిషములలో కొన్ని క్షణములు చాలును.

మే మెఱిగిన యొక బాలిక పొందూరు ఖద్దరును గూర్చి వ్యాసము వ్రాయుచుండెను. వాలుగ చేప దవడతో ప్రత్తిని దువ్వి శుభ్రపఱచు విధమును తన నాయనమ్మ నోట విని, ఆమె చెప్పిన మాటలు చెప్పినట్లే మూడు వారములు కూర్చున్నది. ఒకనా డామె మంచినీళ్లకై లేచిపోగా, సహాధ్యాయి యెవరో వేళాకోళమునకై కంట్రోల్‌తో ఏ నొక్కి, ఖాళీమీట నొక్కి, కంట్రోల్‌తో ఎస్ నొక్కిరి. మొదటిది వ్రాత నంతటిని ఎన్నుకొన్నది, రెండవది తుడిచినది, మూడవది ఆ తుడుపును భద్రపఱచినది. వెంటనే కంట్రోల్‌తో జెడ్ నొక్కియున్న అంతయు మరలివచ్చెడిదే. కాని ఆ చేసినవారు భయపడి ఫైలును మూసివేసి లేచిపోయిరి. విచారింపగా ఎవరును ఒప్పుకొనలేదు. యంత్రము నడిగిన నదేమి చెప్పును? ఆ గడియయందు లోనున్నది ఆ బాలిక ఖాతా, ఫైలు మార్చినదియు ఆ ఖాతాయే. లెక్క ప్రకారము తన వ్యాసమును తానే తుడిచికొన్నది! వ్యాసమును జ్ఞాపకమునుండి మరల వ్రాసినది గాని, నాయనమ్మ మాటల సొంపు కొంత పోయినది. తెరకు వేయు తాళము ఫైళ్లను గాచునని పిల్లల కందఱకును తెలియును. అది వారి పేరును గూడ గాచునని మేము ప్రత్యేకించి చెప్పవలసివచ్చుచున్నది.

మన ప్రాంతమున దీనికి తోడు కరెంటు చిక్కు. గాలివాన పట్టిన దినములలో దీపములు పోగానే పిల్లలు కేకలువేయుచు వరండాలోనికి పరుగెత్తుదురు. యూపీఎస్ గలచోట యంత్రములు మాత్రము మేలుకొనియే యుండును. చీకటిగదిలో వరుసగా వెలుగు తెరలు, తాళములేని వాకిండ్లు! అందుచేత యూపీఎస్ కూత వినగానే ముందు ఫైలు భద్రపఱచి, తరువాత సూపర్, ఎల్ నొక్కి, ఆపైన పరుగెత్తవలయునని మేము అలవాటు చేయుచున్నాము. ఇంకొకటి: స్వయంలాగిన్ అను సదుపాయ ముంచిన యంత్రము, కరెంటు వచ్చి తిరిగి లేచునపుడు పాస్‌వర్డు అడుగకయే తలుపు తీయును. అది పలువురు కూడు గదిలో పనికిరాదు.

ఒక తలుపు మూసి మఱొక తలుపు మఱచువా రున్నారు. లినక్సునందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 3 మీటలను గూర్చి నొక్కినచో బొమ్మలులేని నల్లని తెర యొకటి వచ్చును. అదియు నొక వాకిలియే. అచ్చట లాగిన్ చేసి, వెడలిపోకయే చిత్రరంగమునకు మరలివచ్చి తాళము వేసినను, ఆ నల్లని గది తెఱచియే యుండును. ఎవరైనను ఆ మూడు మీటలే నొక్కి అందు ప్రవేశింపవచ్చును. కావున అందుండి వచ్చునపుడు ఎగ్జిట్ అని వ్రాసి వెలుపలికి రావలయును. అట్లే సుడో అను ఆజ్ఞతో అధికారము పొందినవారికి కొన్ని నిమిషములవఱకు యంత్రము మరల పాస్‌వర్డు అడుగదు. ఆ వ్యవధిలో కుర్చీ విడుచుట మొత్తము యంత్రమునే విడుచుట.

తాళము చేసినవారును మనుష్యులే గదా! 2012లో ఎక్స్ అను చిత్రరంగపు ఆధారమునందు ఒక లోపము బయటపడెను: కంట్రోల్, ఆల్ట్ పట్టి అంకెల ప్రక్కనున్న నక్షత్రపు మీట నొక్కగా తాళము ఊడిపోయెడిది. 2015లో స్పెయిను దేశమందలి వాలెన్సియా పరిశోధకు లిద్దఱు, యంత్రము లేచునపుడు గ్రబ్ అనునది అడుగు పాస్‌వర్డు వద్ద వెనుకకు చెఱపు మీటను 28 పర్యాయములు నొక్కినచో లోనికి పోవచ్చునని చూపిరి. 2021లో పత్రికల కెక్కిన మఱొక సంగతి పిల్లలకు మిక్కిలి నచ్చును. లినక్సు మింట్ వాడు ఒక తండ్రి వెనుక నిలిచి చూచుచుండగా, అతని బిడ్డలు తాళమువేసిన తెరముందు కూర్చుండి, కీబోర్డుపైనను తెరమీది కీబోర్డుపైనను తోచినట్లెల్ల కొట్టిరి. తాళము ఊడినది! తెరమీది కీబోర్డునందు దీర్ఘపుగీత గల ఇంగ్లీషు ఈ అక్షరము నొక్కుటయే కారణమని తరువాత తేలినది. ఈ లోపములన్నియు బయటపడిన వెంటనే సరిచేయబడినవి. సరిచేసిన రూపమును తెచ్చుకొనని యంత్రములకు మాత్రము ఆ మేలు లేదు.

దొంగవాకిలి యనునది ఇంకొక మోసము. అసలు లాగిన్ తెరనే పోలిన తెరను ఒకడు తన ఖాతానుండి చూపి లేచిపోవును. తరువాత వచ్చినవాడు నమ్మి పాస్‌వర్డు వ్రాయును. దీనికి లినక్సు కెర్నలునందే విఱుగు డున్నది: ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ, కే. సిస్‌ఆర్‌క్యూ పెక్కు కీబోర్డులలో ప్రింట్‌స్క్రీన్ మీటయే. ఇవి నొక్కగా ఆ తెరపై నడచుచున్నవన్నియు చచ్చి, నిజమైన లాగిన్ వచ్చును. డెబియన్‌నందు ఇది సాధారణముగా పనిచేయును. ఉబుంటువా రీ మీటను కట్టివేసి యుంచెదరు గాన యంత్రాధికారి విప్పవలసి యుండును. పనిలోనున్నపుడు వేడుకకై నొక్కవలదు; భద్రపఱచనిది భద్రపఱచనట్లే పోవును.

పాస్‌వర్డు ఎట్లుండవలయును? బొబ్బిలి అని వ్రాసి ప్రక్కన 1757 చేర్చిన పాస్‌వర్డును మన ప్రాంతపు బాలు డెవ్వడైనను ఇట్టే ఊహించును. అరసవల్లి, శ్రీకూర్మము, నాగావళి వంటి పేళ్లును, తమ పుట్టిన తేదీలును అట్టివే. పొంతన కుదరని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసికొనుట మేలు: గొడుగు, బెల్లము, పట్టాలు, కొంగ అనునట్లు. (వీనినే పెట్టుకొనకుడు; ఈ సంచిక చదివినవారందఱును ముందుగా వీనినే ప్రయత్నింతురు!) తెలుగు లిపిలోనే ఏల వ్రాయరాదని మా తరగతిలో ఒకరు అడిగిరి. చిత్రరంగమున కొన్నిచోట్ల సాధ్యమే. కాని పైని జెప్పిన నల్లని తెరయందు తెలుగు వ్రాయుటకు వీలుండదు. అవసరమైన దినమున మన గదికి మనమే వెలుపల నిలువవలసివచ్చును.

తెలుగు వ్రాయువారికి తఱచుగా వచ్చు చిక్కు ఒకటి గలదు. సూపర్ మీటతో ఖాళీమీటను నొక్కి తెలుగునకు మాఱి, వ్రాయుచు వ్రాయుచు తాళము వేసి పోవుదురు. తిరిగివచ్చి పాస్‌వర్డు వ్రాయగా తప్పని చెప్పును. మరల వ్రాసినను తప్పే. కనబడునవి చుక్కలే గాన లోన తెలుగు పడుచున్నదని తెలియదు. చాల లినక్సులలో సుడో అడుగునపుడు చుక్కలైనను కనబడవు. కీబోర్డు చెడినదని పిల్లలు మాకు ఫిర్యాదు తెత్తురు. తాళపు తెర మూలను చూచినచో ఏ భాష నడుచుచున్నదో రెండక్షరములలో కనబడును. దానిని ఇంగ్లీషునకు మార్చి, క్యాప్స్ దీపము వెలుగుచున్నదేమో చూచి, నెమ్మదిగా మఱొకసారి వ్రాయవలయును.