సెల్ఫ్ తిరిగినా ట్రాక్టరు స్టార్టు కాకుంటే..

వాన పడి పదును దొరికినప్పుడు పాత ట్రాక్టరు మొరాయిస్తే అదును దాటిపోతుంది. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించనక్కర్లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, సెల్ఫ్ కొడుతూ పొగ గొట్టం గమనించాలి.

పొగే రాకుంటే ఇంజనుకు డీజిల్ అందడం లేదన్నమాట. ఇంజను ఆపే నాబ్ బయటికే ఉండిపోయిందేమో, ట్యాంకులో డీజిల్ ఉందో లేదో చూసుకోవాలి. ట్యాంకు ఒకసారి ఖాళీ అయితే లైనులో గాలి చేరుతుంది. అప్పుడు ఫిల్టరు మీది గాలి తీసే స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టాలి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించాలి.

తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది గానీ మండడం లేదు. నాజిళ్లు, కంప్రెషన్ మెకానిక్‌కు చూపించాలి.

సెల్ఫ్ ఒక్కసారికి 10 సెకన్లు మించి కొట్టరాదు. మధ్యలో నిమిషం ఆగాలి. లేకుంటే సెల్ఫ్ మోటారు కాలి రెండో ఖర్చు మీదపడుతుంది.